ఆకు మీద నిగనిగ

పరుగెత్తలేనివాడు మోసం చెయ్యలేడని మార్టూరు చుట్టుపక్కల పత్తి రైతులకు గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. పంతొమ్మిది వందల ఎనభై నాలుగు, అయిదు ప్రాంతాల్లో ఆ ఊళ్ళ మీద పురుగుమందుల కంపెనీల కుర్రాళ్ళు ఈగల్లా వాలేవారు. మోటారు సైకిలు మీద దుమ్ము రేపుకుంటూ రావడం, గట్టు మీద నిలబడి చేను వైపు ఒక చూపు పారేయడం, అరచేతిలో వైకుంఠం చూపించి డబ్బాలు అంటగట్టడం, పురుగు చావకపోతే మళ్ళీ ఆ దారి తొక్కకపోవడం, ఇదీ వరస. అలాంటి రోజుల్లో చంక కింద కర్ర పెట్టుకుని, ఆర్టీసీ బస్సు దిగి, ఎడమ కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు జక్రయ్య. వీడెక్కడికి పోతాడులే అనుకున్నారు. అనుకుని డబ్బాలు కొన్నారు.

జక్రయ్యది మద్రాసు రోడ్డుకు మైలున్నర లోపలున్న చింతగుంటపాలెం. ఊరికి తూర్పున క్రైస్తవుల పల్లె, పల్లె చివర తాటాకుల ఇల్లు, ఆ ఇంట్లో అతనూ తల్లి ఎలీసమ్మా. పసితనంలో పోలియో జ్వరం తగిలి కాలు చచ్చుబడింది. తండ్రి పోయాక ఎలీసమ్మ కూలికి పోతూనే కొడుకును మిషను హాస్టల్లో పెట్టి ఇంటర్మీడియెట్ దాకా చదివించింది. చదువయితే వచ్చింది గాని ఉద్యోగం రాలేదు. ఎక్కడికి పోయినా ముందు కాలు చూసేవారు, తర్వాత మొహం చూసేవారు, ఆ తర్వాత గోడ వైపు చూసేవారు. చివరికి చిలకలూరిపేటలో ఒక పురుగుమందుల కొట్టులో కౌంటరు దగ్గర కూర్చునే పని దొరికింది.

ఆ కొట్టుకు వచ్చిపోయే కంపెనీ ఏరియా మేనేజరు అంకమ్మరావు మనిషిని తూచడంలో దిట్ట. రైతులు యజమానిని వదిలేసి ఈ కుంటి కుర్రాణ్ణి సలహా అడగడం గమనించాడు. అందరిలా అతనూ కాలే చూశాడు, కాని జాలిపడలేదు, లెక్క కట్టాడు. "నిన్ను చూస్తే ఎవడైనా ముందు మంచం వాలుస్తాడయ్యా. మిగతా వాళ్ళకి ఆ మంచం దాకా పోవడానికే ఏడాది పడుద్ది" అని, ఊళ్ళు తిరిగి మందు అమ్మడానికి కమిషను మీద పెట్టుకున్నాడు.

జాలి ఒక్కటే అయితే మొదటి డబ్బా అమ్ముడుపోతుంది, రెండోది పోదు. జక్రయ్య దగ్గర పనితనం ఉంది. గట్టు దాకా కర్ర మీద వచ్చేవాడు. నల్లరేగడిలో కర్ర దిగబడుతుంది కాబట్టి దాన్ని అక్కడ పడేసి, నేల మీద కూర్చుని, చేతుల ఊతంతో పత్తి సాళ్ళ మధ్య దేకుతూ పోయేవాడు. మొదట్లో గత్యంతరం లేక చేసిన పని తర్వాత విద్య అయి కూర్చుంది. నిలబడ్డవాడికి ఆకు పైభాగమే కనిపిస్తుంది. పురుగు గుడ్లు పెట్టేది, పిల్లలు చేసేది ఆకు అడుగున. ఇస్త్రీ చొక్కా నిండా మట్టితో చేలోంచి బయటికి వచ్చి, పురుగు ఏ వైపు ముదిరిందో, ఏ వైపు లేతగా ఉందో చెప్పేవాడు. చదువుకున్నవాడు తమ మట్టిలో అలా పొర్లడం చూసి రైతుల మనసు కరిగిపోయేది.

మొదటి ఏడు కంపెనీ కొత్త మందు పచ్చపురుగు మీద బ్రహ్మాండంగా పనిచేసింది. డబ్బా మీద గద్ద బొమ్మ ఉండేది కాబట్టి దానికి గద్దమందు అని పేరొచ్చింది. చింతగుంటపాలెంలో పెద్ద రైతు యలమందయ్య జక్రయ్యను వాకిట్లోకి పిలిచి మంచం వాల్చాడు. ఆ వాకిట్లో జక్రయ్య తండ్రి బతికినంత కాలం పాలేరుతనం చేసి ఒక్కనాడూ కూర్చోలేదు. యలమందయ్య భార్య హనుమాయమ్మ స్వయంగా మజ్జిగ తెచ్చి ఇచ్చింది. సరిగ్గా అప్పుడే ఎలీసమ్మ ఆరోజు కూలి కోసం వచ్చి వీధిలో నిలబడి ఉంది. కొడుకు మంచం మీద, తల్లి వీధిలో. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూడనట్టే ఉన్నారు.

ఇంటికొచ్చాక ఎలీసమ్మ ఆ ఊసెత్తలేదు. అన్నం ముందు ప్రార్థన చేస్తూ మాత్రం యలమందయ్య గారి కుటుంబాన్ని దీవించమని పేరు పెట్టి అడిగింది. జక్రయ్య కళ్ళు మూసుకున్నాడే గాని మనసు ప్రార్థనలో లేదు. పర్మనెంటు కావాలి, నెల జీతం రావాలి, అమ్మ ఇంక ఎవరి వాకిలి ముందూ నిలబడకూడదు. అతని ఆశ అంతే. అంతకు మించి ఏనాడూ ఏమీ కోరుకోలేదు. కోరిక చిన్నదైతే దాని కోసం చేసే తప్పు కూడా చిన్నదిగానే కనిపిస్తుంది, అదే దానితో వచ్చిన చిక్కు.

మరుసటి ఏడు మిరప వేసే చేలు కూడా పత్తికి తిప్పారు. ఎటు చూసినా పత్తే. పూత మీద పచ్చపురుగు కనిపించగానే గద్దమందు కొట్టారు, పురుగు చచ్చింది, మళ్ళీ కొట్టారు. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆకులు నిగనిగలాడడం మొదలుపెట్టాయి. ఆముదం రాసినట్టు ఒకటే మెరుపు. పొద్దున్నే ఎండ పడితే చేను చేనంతా తళతళలాడేది. రైతులు పొంగిపోయారు. మందు ఆకుకు పట్టిందనీ, ఆ మెరుపు ఉన్నన్నాళ్ళూ పురుగు దరి చేరదనీ చెప్పుకున్నారు. వాళ్ళను అని లాభం లేదు. పొగాకుకు నిగ్గు ఉంటేనే ధర, మిరపకాయకు నిగ్గు ఉంటేనే ధర. నిగ్గు చూసి సరుకును మెచ్చడం ఆ నేల మీద ఉగ్గుపాలతో వచ్చిన బుద్ధి. చేను మెరవనివాళ్ళు తమకు కల్తీ మందు అమ్మారని చిలకలూరిపేట వెళ్ళి కొట్ల వాళ్ళతో తగాదా పెట్టుకున్నారు.

యలమందయ్య చేను అందరికంటే ఎక్కువ మెరిసింది. జక్రయ్య ఒకనాటి ఉదయం అందులోకి దేకుతూ పోయాడు. సగం దాకా పోయాక ఏదో తేడాగా తోచింది. మందు కొట్టిన చేలో పిట్ట కూత ఉండదు, అది మామూలే. కాని ఆరోజు చీడపురుగుల్ని తినే సాలెపురుగు గూడు కూడా ఒక్కటి కనిపించలేదు. ఒక ఆకు పట్టుకుని తిప్పి చూశాడు. ఆకు అడుగు బియ్యప్పిండి చల్లినట్టు తెల్లగా ఉంది. చెయ్యి తగలగానే ఆ తెలుపంతా లేచి, గాలిలో కాసేపు ఆడి, మళ్ళీ అదే ఆకు కిందికి చేరింది. తెల్లదోమ. ఇంకో ఆకు తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. ఎక్కడ తిప్పినా అదే.

కింది ఆకు మీది మెరుపును వేలితో తాకాడు. జిగురుగా తగిలింది. ఆ జిగురు చుట్టూ చీమలు బారులు కట్టి హాయిగా నాకుతున్నాయి. మందుంటే చీమ చేరుతుందా? పై ఆకుల కింద కూర్చుని దోమ మొక్క రసం పీలుస్తోంది. పీల్చి విసర్జించే జిగురు కింది ఆకుల మీద పడి మెరుస్తోంది. గద్దమందు పచ్చపురుగుతో పాటు దోమను తినే జీవాలన్నింటినీ చంపి, దోమకు చేను అప్పజెప్పింది. మందు సరిగ్గా తగలని గట్టువార మొక్కలను వెతికి చూశాడు. వాటి మీద దోమ పలచగా ఉంది. చుట్టూ అంత అందంగా మెరుస్తున్న చేను తనను చూసి నవ్వుతున్నట్టు అనిపించింది.

గట్టు మీంచి యలమందయ్య ఎలా ఉందని కేకేశాడు. బాగానే ఉందండీ అన్నాడు జక్రయ్య. మేనేజరును అడిగాక చెబుదామనుకున్నాడు.

ఆ మర్నాడే గుంటూరు వెళ్ళి అంకమ్మరావుతో అంతా చెప్పాడు. అంకమ్మరావు ఆశ్చర్యపోలేదు. పక్క తాలూకాల నుంచి అప్పటికే ఇలాంటి కబుర్లు వస్తున్నాయన్నాడు. వస్తున్నాయి గాని గోడౌను నిండా సరుకుందన్నాడు. పై వారం చింతగుంటపాలెంలో రైతుల మీటింగు పెడుతున్నామనీ, అక్కడ ఇంకో విడత మందు కొట్టించాలనీ, అది సవ్యంగా జరిగితే జక్రయ్యకు పర్మనెంటు ఆర్డరనీ చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, "మెరుపని వాళ్ళంటున్నారు. మనమన్నామా? నువ్వు ఔననక్కర్లేదు, కాదనమాక. అంతే" అన్నాడు.

బయటికి తీసుకొచ్చి గోడౌను ముందున్న స్కూటరు చూపించాడు. దానికి వెనక రెండు పక్కలా చక్రాలు బిగించి ఉన్నాయి. ఎక్కి కూర్చోమన్నాడు. జక్రయ్య కూర్చున్నాడు. కర్ర లేకుండా, ఎవరి భుజమూ పట్టుకోకుండా, తనంతట తను కదలగలిగే వస్తువు మీద పుట్టాక కూర్చోవడం అదే మొదలు. హ్యాండిలు వదలబుద్ధి కాలేదు.

మీటింగు యలమందయ్య చేని పక్కనే జరిగింది. అంకమ్మరావు బల్ల ముందు నిలబడి చాలాసేపు మాట్లాడాడు. రైతులు మర్యాదకు విన్నారు. అతని మాట అయిపోయాక తలలన్నీ జక్రయ్య వైపు తిరిగాయి. వెనకాల కూలి ఆడవాళ్ళ గుంపులో ఎలీసమ్మ కూడా ఉంది. ఊరంతా తన కొడుకు మొహం చూస్తుంటే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. యలమందయ్య లేచి నిలబడ్డాడు.

"ఆయన గారు చెప్పింది ఇన్నాం. మాకు నీ మాట కావాలి జక్రయ్యా. చేలో దేకి చూసినోడివి నువ్వు. ఆ మెరుపు మందుదేనా?"

మౌనంగా ఉంటే సరిపోతుందని అంకమ్మరావు చెప్పాడు. అంతమంది మధ్య మౌనంగా ఉండడానికి వీలులేదని ఆయనకు తెలియదు కాబోలు. తెలిసే ఉంటుంది.

"మందుదేనండీ" అన్నాడు జక్రయ్య.

సాయంత్రానికి తెచ్చిన సరుకంతా అమ్ముడుపోయింది. నెల తిరక్కుండా ఆర్డరు చేతికొచ్చింది, స్కూటరు వచ్చింది. సింగరాయకొండలో గది తీసుకోమనీ, సీజను అయ్యేదాకా మార్టూరు వైపు మెసలవద్దనీ అంకమ్మరావు చెప్పాడు. జక్రయ్య తల్లిని రమ్మన్నాడు. పత్తి ఏరుడు మొదలయ్యే రోజుల్లో ఎలా వస్తాను, పత్తి తీస్తానని హనుమాయమ్మ గారికి మాటిచ్చానంది ఎలీసమ్మ. మాట అనేది ఆమె దృష్టిలో చిన్న విషయం కాదు.

మార్గశిరంలో ముసురు పట్టింది. మెరిసిన ఆకుల మీద మసిలాంటి నల్లబూజు కమ్మింది. ముందు చుక్కలు చుక్కలుగా, తర్వాత పొయ్యి వెనక గోడలా. జిగురు ఎక్కడుంటే అక్కడ మసి. ఆకులు ముడుచుకుని రాలాయి, కాయలు గిడసబారాయి. పగిలిన కాయలోంచి తెల్లబంగారానికి బదులు బూడిదరంగు ముద్ద బయటపడింది. మోటారు సైకిళ్ళ కుర్రాళ్ళు ఒక్కడంటే ఒక్కడు కనిపించలేదు. ఒక ఊళ్ళో ఒకణ్ణి పట్టుకుని చెట్టుకు కట్టేశారనీ, ఇంకో ఊళ్ళో కొట్టు తగలబెట్టారనీ సింగరాయకొండ దాకా కబుర్లు వచ్చాయి. చింతగుంటపాలెం నుంచి అలాంటి కబురేదీ రాలేదు. ఆ రాకపోవడమే జక్రయ్యను నిలవనీయలేదు.

చివరికి వచ్చింది. మార్టూరు మీదుగా తిరిగే బస్సు కండక్టరు మొహిద్దీన్ బాషా ఒంగోలు బస్టాండులో కనిపించి చెప్పాడు. మీ ఊరి రైతులు రోజూ బస్సు స్టేజీ దగ్గర కూర్చుంటున్నారండీ అన్నాడు. తిడుతున్నారా అని అడిగాడు జక్రయ్య. లేదండీ, ఒక్క మాట అనడం లేదన్నాడు బాషా. జక్రయ్య వస్తాడు అంటారట, అంతే. ఇంకో వారానికి మళ్ళీ కనిపించాడు. జక్రయ్య వస్తాడు, రాకుండా ఎక్కడికి పోతాడు అంటున్నారట. మూడోసారి బాషా మొహం కొంచెం చిన్నబుచ్చుకుని ఉంది. ఈసారి యలమందయ్య తనతోనే స్వయంగా అన్నాడట, "వాళ్ళమ్మ ఇక్కడే ఉంది గదా" అని.

ఆ మాట ఎటు తిప్పి చూసినా జక్రయ్యకు నిద్ర పట్టలేదు. అది బెదిరింపో, నమ్మకమో తేలలేదు. రెంటిలో ఏది ఎక్కువ భయంకరమో అదీ తేలలేదు. తెల్లారి లేచి స్కూటరు మీద చెయ్యి వేసి, తీసేసి, కర్ర చంకన పెట్టుకుని బస్సెక్కాడు. సంచిలో కంపెనీ కొత్తగా దింపిన మందు డబ్బా ఒకటుంది. దోమకు రామబాణం అని దాని మీద రాసి ఉంది. రాసినవాడు దోమను చూసి ఉండడు.

స్టేజీలో దిగేసరికి ఎద్దుల బండి కట్టి ఉంది. బండి మీద వరిగడ్డి, గడ్డి మీద దుప్పటి పరిచి ఉంది. ఇది ఎవరికోసమని అడిగాడు జక్రయ్య, అడగకూడదని తెలిసీ. రోజూ ఈ బస్సు వేళకు నీకోసం కడుతున్నామయ్యా అన్నాడు బండి తోలే అతను. చేతి ఊతమిచ్చి మెల్లగా ఎక్కించాడు. బండి ఊరి వైపు కదిలింది. రెండు పక్కలా చేలు కాలిపోయినట్టు నల్లగా ఉన్నాయి. ఎక్కడా ఎవరూ పనిలో లేరు.

అందరూ యలమందయ్య చేని దగ్గర ఉన్నారు. గట్ల మీద బారులు తీరి నిలబడ్డారు. డ్రమ్ముల్లో నీళ్ళు నింపి ఉన్నాయి. స్ప్రేయర్లు కడిగి వరసగా పెట్టి ఉన్నాయి. చేని అవతలి కొసన ఆడవాళ్ళు ఉన్న కాస్త పత్తినీ ఏరుతున్నారు, వాళ్ళలో ఎలీసమ్మ ఉంది. చెక్కుచెదరకుండా ఉంది. తల్లిని చూశాక జక్రయ్య ఊపిరి తీసుకున్నాడు. యలమందయ్య చిక్కిపోయాడు, గడ్డం మాసింది. జక్రయ్యను తనే దించి సాళ్ళ వైపు చెయ్యి చూపించాడు.

జక్రయ్య కర్ర గట్టు మీద పెట్టి, సంచి భుజాన ఉంచుకునే దేకడం మొదలుపెట్టాడు. నేల తడిగా ఉంది. ఆకులు మొహానికి రాసుకుని చెంపలకు మసి అంటింది. చేని నడిమధ్యకు వెళ్ళి, ఏం చూడాలో తెలియక ఒక ఆకు తిప్పాడు. అడుగున దోమ లేదు. పీల్చడానికి అక్కడ ఏమీ మిగల్లేదు కాబట్టి వెళ్ళిపోయింది. తల ఎత్తేసరికి యలమందయ్య, ఇంకో నలుగురు వెనకే వచ్చి చుట్టూ నిలబడి ఉన్నారు.

"పేటలో తలా ఒక మందు పేరు చెబుతున్నారు" అన్నాడు యలమందయ్య. "మేం ఎవడి మాటా ఇన్లా. ఇన్నాళ్ళు ఏదీ కొట్టకుండా నీకోసం ఆగాం. నువ్వు ఏది చెబితే అది కొడతాం. చెప్పు."

గొంతులో కోపం లేదు. జక్రయ్యకు అప్పుడర్థమైంది, స్టేజీ దగ్గర వాళ్ళు కూర్చున్నది తనను పట్టుకోవడానికి కాదని. తనను కొడతారని భయపడుతూ వచ్చాడు. నమ్ముతూనే ఉంటారని అనుకోలేదు. సంచిలో డబ్బా ఉంది. తీసి చూపిస్తే చాలు, డ్రమ్ముల్లో కలిపేస్తారు, బండెక్కించి మర్యాదగా సాగనంపుతారు. చెయ్యి సంచి దాకా పోయింది కూడా. ఎలీసమ్మ ఏరడం ఆపి కొంచెం దగ్గరకు వచ్చి నిలబడింది. మసి అంటిన చేతులు చీరకు తుడుచుకుంటూ, మిగతా వాళ్ళలాగే అతని నోటి వైపు చూస్తోంది.

"ఏ మందూ వద్దండీ" అన్నాడు జక్రయ్య. "ఆ మెరుపు మందుది కాదు. దోమ పోసిన జిగురు. మీటింగు నాటికే నాకు తెలుసు."

యలమందయ్య మసిపట్టిన ఆకు ఒకటి తెంపి తిప్పి చూశాడు. తర్వాత అడిగాడు.

"ఆ రోజే మందు ఆపితే?"

"సగమన్నా దక్కేదండీ."

వెనక ఉన్న కుర్ర రైతు ఒకడు పత్తి కట్టె పెరికి మీదికి వచ్చాడు. జక్రయ్య తల వంచుకున్నాడు. ఆ దెబ్బ పడితే బాగుండునని నిజంగానే కోరుకున్నాడు. యలమందయ్య కుర్రాడి చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దురా. కొడితే మన కోపం తీరుద్ది, వీడి పాపమూ తీరుద్ది." కట్టె లాక్కుని పక్కన పడేశాడు. "బండి తోలుకు పొండి."

మరి ఇతనో అని ఎవరో గొణిగారు.

"రానీ. దేకుతా ఒక్కో మొక్కా చూసుకుంటా రానీ" అన్నాడు యలమందయ్య. తలగుడ్డ విప్పి దులుపుకుని గట్టు వైపు నడిచాడు.

ఒకళ్ళ వెనక ఒకళ్ళు వెళ్ళిపోయారు. స్ప్రేయర్లు భుజానికెత్తుకున్నారు, డ్రమ్ములు దొర్లించి నీళ్ళు పారబోశారు. బండి కదిలింది. హనుమాయమ్మ గట్టు మీంచి, ముసురొచ్చేట్టుంది రా ఎలీసమ్మా అని రోజూ పిలిచినట్టే పిలిచింది. ఎలీసమ్మ ఒడిలోని పత్తి మూట కట్టుకుని కొడుకు ఉన్న సాలు దాకా వచ్చింది. అతను చెయ్యి చాచాడు.

"అమ్మా, ఆ కర్ర ఇటు అందియ్యవే."

ఆమె గట్టు వైపు చూసింది. కర్ర వైపు చూసింది. వంగి కొడుకు చెంప మీది మసి కొంగుతో తుడిచింది, అది పోలేదు, ఇంకా పులుముకుంది.

"రేపు మళ్ళీ నేను వీళ్ళ చేలోకే రావాలి నాయనా" అంది ఎలీసమ్మ.

మూట నెత్తిన పెట్టుకుని, గట్టెక్కి, కర్రను దాటుకుని హనుమాయమ్మ వెనక నడిచింది. సన్నగా వాన మొదలైంది. జక్రయ్య రెండు చేతులూ బురదలో ఆన్చాడు. గట్టు ఎంత దూరముందో అక్కణ్ణించి కనిపించడం లేదు.